ఊళ్ళో దొరకని మందును ఎలా వెతకాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

చీటీ పట్టుకుని ఆరేడు షాపులు తిరిగి, అన్ని చోట్లా "లేదండీ" అనిపించుకుని, పొద్దుగూకేసరికి వట్టి చేతులతో ఇంటికొచ్చే కుటుంబాలు మన దగ్గర తక్కువేం కాదు. ఆ తిరుగుడులో సగం తప్పించుకోవచ్చు. మందు కంపెనీ నుంచి షాపుదాకా ఏ దారిలో వస్తుందో, ఆ దారిలో ఎక్కడ ఆగిపోయిందో తెలిస్తే ఎవరిని అడగాలో కూడా తెలుస్తుంది. ఈ సమాధానాలు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఉండేవాళ్ళను దృష్టిలో పెట్టుకుని రాసినవి.

షాపులో "లేదు" అన్నారు. ముందు చేయాల్సిన పని ఏమిటి?

ఆ "లేదు"కు అర్థం ఏమిటో అడగండి. మందుల షాపులో ఆ ఒక్క మాటకు కనీసం నాలుగు అర్థాలుంటాయి.

మొదటిది, ఆ షాపులో ఆ మందు ఎప్పుడూ పెట్టరు. ఆ ఊళ్ళో దాన్ని రాసే డాక్టరు లేకపోతే, ఒక పేషెంటు కోసం పెట్టె తెప్పించి, మిగిలింది ఎక్స్‌పైరీ అయి నష్టపోవడం ఎందుకని షాపువాళ్ళు ఊరుకుంటారు. రెండోది, ఉండేది, అయిపోయింది, స్టాకిస్టుకు (షాపులకు సరుకు వేసే హోల్‌సేల్ వ్యాపారికి) ఆర్డరు పెడితే రేపో ఎల్లుండో వస్తుంది. మూడోది, "షార్ట్". అంటే స్టాకిస్టు దగ్గరే లేదు. పై నుంచి సరుకు రావట్లేదు. నాలుగోది, ఆ మందు అమ్మే లైసెన్సు ఆ షాపుకు లేదు.

మొదటి రెండిటికీ మరో షాపుకు వెళ్ళాల్సిన పని లేదు, అక్కడే ఆర్డరు పెట్టించుకోవచ్చు. మూడోదైతే అదే వీధిలో పది షాపులు తిరిగినా లాభం ఉండదు. ఒక ప్రాంతంలో షాపులన్నిటికీ సరుకు వేసే స్టాకిస్టులు కొద్దిమందే కాబట్టి, పది షాపులూ ఆ కొద్దిమంది దగ్గర లేదన్న మాటనే పదిసార్లు చెబుతాయి. అప్పుడు వేరే పట్నం చూడాలి, లేదా వేరే కంపెనీ మందు గురించి డాక్టర్ని అడగాలి. నాలుగోదానికి దారి పూర్తిగా వేరు, కింద విడిగా చెప్పాం.

"మీరు ఈ మందు పెట్టరా, అయిపోయిందా, స్టాకిస్టు దగ్గరే షార్టా?" ఈ ఒక్క వాక్యం గుర్తుపెట్టుకోండి.

ఎన్ని రోజుల ముందు వెతకడం మొదలుపెట్టాలి?

రోజూ వాడే మందు ఇంకా 10 నుంచి 15 రోజులకు సరిపడా ఉండగానే. ఆఖరి స్ట్రిప్‌లో రెండు బిళ్ళలు మిగిలినప్పుడు మొదలుపెడితే ఎంత తెలివిగా వెతికినా కంగారే మిగులుతుంది. జిల్లా కేంద్రంలో స్టాకిస్టు దగ్గర ఉంటే ఒక రోజు పడుతుంది. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో రావాలంటే రెండు మూడు రోజులు. మధ్యలో ఆదివారం, పండగ వస్తే ఇంకో రెండు కలపండి. విదేశం నుంచి తెప్పించాల్సినదైతే నెలల ముందే కదలాలి.

వెతికే ముందు ఏమేం రాసి పెట్టుకోవాలి?

పాత స్ట్రిప్ తీసి వెనక్కి తిప్పండి. పెద్ద అక్షరాల్లో ఉన్నది కంపెనీ పెట్టిన పేరు, అంటే బ్రాండు. దాని కింద చిన్న అక్షరాల్లో ఉన్నదే అసలు మందు పేరు. షాపువాళ్ళు దాన్నే "కంపోజిషన్" అంటారు. మీరు వెతకాల్సింది ఆ పేరుతోనే. పక్కనే మోతాదు ఉంటుంది. అది మిల్లీగ్రాముల్లో ఉందా, మైక్రోగ్రాముల్లో ఉందా అన్నది ఒకటికి రెండుసార్లు చూడండి. ఉదాహరణకు అడ్రినల్ గ్రంథి పనిచేయనివాళ్ళు వాడే ఫ్లూడ్రోకార్టిజోన్ బిళ్ళ మీద 100 మైక్రోగ్రాములు అని ఉంటుంది. కొందరు డాక్టర్లు అదే మోతాదును 0.1 మిల్లీగ్రాము అని రాస్తారు. రెండూ ఒకటే. ఇది తెలియక షాపులో "మీ చీటీలో రాసిన పవర్ లేదు" అనడం, పేషెంటు వెనక్కి తిరిగి రావడం జరుగుతుంటాయి.

ఆ తర్వాత మందు పేరు పక్కన ఉండే అక్షరాలు. ఎస్ఆర్, ఈఆర్, సీఆర్, ఎక్స్ఎల్ లాంటివి ఉంటే అది మెల్లగా విడుదలయ్యే మందు. ఆ అక్షరాలు లేని మందు దానికి బదులు కాదు.

స్ట్రిప్‌కు రెండు వైపులా ఫొటో, చీటీ ఫొటో, జబ్బు పేరు ఉన్న డిశ్చార్జి సమ్మరీ మొదటి పేజీ ఫొటో, ఈ మూడూ ఫోన్లో ఒకే చోట పెట్టుకోండి. చీటీ మీద డాక్టరు సంతకం, తేదీ, రిజిస్ట్రేషన్ నంబరు, ఎన్ని రోజులకు వాడాలన్నది ఉండాలి. చీటీలో జనరిక్ పేరు చదవగలిగేలా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని 2016లో డాక్టర్ల వృత్తి నియమావళిలోనే చేర్చారు. కాబట్టి "సార్, అసలు మందు పేరు కూడా రాసివ్వండి" అని అడగడానికి మొహమాటపడకండి.

షాపుకు ఫోన్ చేస్తే ఏం మాట్లాడాలి?

ఒక షాపుకు రెండు నిమిషాలు చాలు. కౌంటరు దగ్గర జనం ఉండే సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది మధ్య చేయకండి, హడావుడిలో "లేదు" అనేయడమే వాళ్ళకు తేలిక. ఉదయం పదకొండు తర్వాత, లేదా మధ్యాహ్నం చేయండి.

"నమస్తే అండీ. ఫ్లూడ్రోకార్టిజోన్ 100 మైక్రోగ్రాముల బిళ్ళలు కావాలి, ఏ కంపెనీదైనా చెప్పండి. చీటీ ఉంది. నెలకు మూడు స్ట్రిప్పులు పడతాయి, ప్రతి నెలా మీ దగ్గరే తీసుకుంటాం. కంప్యూటర్లో ఒకసారి చూస్తారా?"

ఈ మాటల్లో నాలుగు పనులు జరుగుతాయి. అసలు పేరు చెప్పారు కాబట్టి వేరే బ్రాండు ఉన్నా బయటపడుతుంది. చీటీ ఉందన్నారు కాబట్టి అనుమానం ఉండదు. నెలనెలా ఎంత కావాలో చెప్పారు కాబట్టి తెప్పిస్తే మిగిలిపోతుందన్న భయం పోతుంది. కంప్యూటర్లో చూడమన్నారు కాబట్టి జ్ఞాపకం మీద ఆధారపడి జవాబు చెప్పరు. ఉందంటే వెంటనే బ్యాచ్, ఎక్స్‌పైరీ ఉన్న వైపు ఫొటో వాట్సాప్‌లో పెట్టమనండి. ఉందనుకుని అరవై కిలోమీటర్లు వెళ్ళాక పేరు దగ్గరగా ఉన్న వేరే మందు చేతికొచ్చిన సందర్భాలు చాలా ఉన్నాయి.

ఏ షాపుల దగ్గర దొరికే అవకాశం ఎక్కువ?

ఆ మందు రాసే స్పెషలిస్టు కూర్చునే చోట. ఫిట్స్ మందుకు న్యూరాలజిస్టు ఆసుపత్రి కింద ఉన్న షాపు, కీమో బిళ్ళలకు క్యాన్సర్ ఆసుపత్రి ఎదురుగా ఉన్న షాపు, పిల్లల హార్మోన్ మందులకు పెద్ద పిల్లల ఆసుపత్రి ఫార్మసీ. గుంటూరు కొత్తపేట, విజయవాడ సూర్యారావుపేట, విశాఖలో కేజీహెచ్ చుట్టుపక్కల మహారాణిపేట లాంటి ఆసుపత్రుల వీధుల్లో ఒక్కో షాపుకు ఒక్కో విభాగం మందుల్లో పట్టు ఉంటుంది. హైదరాబాద్‌లో హోల్‌సేల్ అంతా కోఠి ఇందర్‌బాగ్ వైపు ఎక్కువ.

కార్పొరేట్ ఆసుపత్రి ఫార్మసీలు బయట చీటీకి మందులు ఇవ్వరని చాలామంది అనుకుంటారు. ఎక్కువ చోట్ల ఓపీ ఫార్మసీలో ఇస్తారు, అడిగి చూడాలి. లోపల ఇన్‌పేషెంట్ల కోసం ఉంచిన స్టాకు మాత్రం ఇవ్వరు.

అపోలో, మెడ్‌ప్లస్ లాంటి చెయిన్ షాపుల్లో ఒక బ్రాంచిలో లేకపోయినా కంప్యూటర్లో మిగతా బ్రాంచిల స్టాకు చూడమని అడగండి. "ఇక్కడ లేదు" అన్న జవాబుతో ఆగిపోకండి, "ఏ బ్రాంచిలో చూపిస్తోంది?" అనండి.

ఆన్‌లైన్‌లో ఆర్డరు పెడితే సరిపోదా?

ఒక దారిగా వాడుకోండి, అదొక్కటే నమ్ముకోకండి. యాప్‌లో "ఉంది" అని చూపించి, డబ్బు తీసుకుని, రెండో రోజు సాయంత్రం ఆర్డరు రద్దయినట్టు మెసేజ్ రావడం అరుదైన మందుల విషయంలో మామూలే. ఆ రెండు రోజులూ మీరు ఇంకెక్కడా వెతకలేదు కాబట్టి నష్టం మీకే. ఆర్డరు పెట్టాక కూడా ఫోన్లు ఆపకండి. మందు వచ్చాక బిల్లు మీద అమ్మిన షాపు పేరు, డ్రగ్ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు ఉన్నాయో లేదో చూడండి. బిల్లు మీది బ్యాచ్, స్ట్రిప్ మీది బ్యాచ్ ఒకటే కావాలి.

నేరుగా స్టాకిస్టు దగ్గరికి వెళ్ళి కొనుక్కోవచ్చా?

సాధారణంగా కుదరదు. హోల్‌సేల్ లైసెన్సు ఉన్నవాళ్ళు లైసెన్సు ఉన్న షాపులకు, ఆసుపత్రులకు అమ్ముతారు, పేషెంటుకు కాదు. కానీ స్టాకిస్టుకు ఫోన్ చేసి "ఉందా?" అని అడగడానికి అడ్డేం లేదు. ఉందంటే మీకు అలవాటైన షాపాయనకు ఆ స్టాకిస్టు పేరు చెప్పి తెప్పించమనండి.

స్టాకిస్టు ఎవరో ఎలా తెలుస్తుంది? కంపెనీ నుంచి సరుకు ముందు సి అండ్ ఎఫ్ ఏజెంటుకు (కంపెనీ సరుకును నిల్వ ఉంచి పంపేవాళ్ళకు), అక్కడి నుంచి స్టాకిస్టుకు, ఆ తర్వాత షాపుకు వస్తుంది. స్ట్రిప్ మీదో పెట్టె మీదో కంపెనీ కస్టమర్ కేర్ నంబరు గానీ మెయిల్ గానీ ఉంటుంది. వాళ్ళకు మందు పేరు, మీ పిన్‌కోడ్ చెప్పి "మా దగ్గర్లో ఈ మందు వేసే స్టాకిస్టు ఎవరు?" అని అడగండి. ఇంకో మనిషి మెడికల్ రెప్. డాక్టరు గది బయట బ్యాగుతో కూర్చునే ఎంఆర్‌కు తన కంపెనీ మందు ఏ షాపులో ఎన్ని పెట్టెలుందో తెలుసు. డాక్టరు దగ్గర పనిచేసేవాళ్ళను అడిగితే ఆ ఎంఆర్ నంబరు ఇస్తారు. ఈ దారి చాలామందికి తట్టదు, కానీ పని చేసే దారి ఇదే.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో దొరికిన మామూలు బిళ్ళలను ఆర్టీసీ కార్గోలో మీ ఊరి డిపోకు వేయించుకోవచ్చు. ఫ్రిజ్‌లో ఉంచాల్సిన మందు మాత్రం అలా వేయించకండి.

షాపులో "ఇదీ అదే మందు, వేరే కంపెనీ" అని ఇస్తున్నారు. తీసుకోవచ్చా?

డాక్టర్ని అడిగాక తీసుకోండి. డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ నియమాల ప్రకారం షెడ్యూల్ హెచ్ (డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సినవి), షెడ్యూల్ ఎక్స్ (ఇంకా గట్టి ఆంక్షలున్నవి) మందుల చీటీకి రాసినదానికి బదులు మరొకటి, కంపోజిషన్ అదే అయినా సరే, షాపువాళ్ళు తమంతట తాము ఇవ్వకూడదు. దీన్ని అడ్డంకిగా చూడనక్కర్లేదు. వేరే బ్రాండు స్ట్రిప్ ఫొటో డాక్టరుకు వాట్సాప్ చేసి, "ఇది వాడొచ్చా సార్?" అని అడిగితే ఎక్కువమంది నిమిషంలో జవాబిస్తారు. ఇంకా మంచి పద్ధతి, చీటీ రాసేటప్పుడే జనరిక్ పేరుతో రాయించుకోవడం.

చాలా మందులకు కంపెనీ మారినా ఇబ్బంది ఉండదు. కొన్నిటికి మాత్రం జాగ్రత్త కావాలి. ఫిట్స్ మందుల్లో ఫెనిటోయిన్, కార్బమజెపిన్, కిడ్నీ మార్పిడి తర్వాత వాడే టాక్రోలిమస్, రక్తం పలుచబడే వార్ఫరిన్, లిథియం, థైరాయిడ్ బిళ్ళ. వీటిలో ఒంట్లో చేరే మోతాదు కొంచెం అటూ ఇటూ అయినా ఫలితం మారుతుంది. బ్రాండు మార్చాల్సి వస్తే డాక్టరు రక్తపరీక్ష ఎప్పుడు చేయించాలో చెబుతారు. టాక్రోలిమస్ లెవెల్, వార్ఫరిన్‌కు ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే వేగం చూసే పరీక్ష), థైరాయిడ్‌కు ఆరు నుంచి ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ చూస్తారు. ప్రతి నెలా దొరికిన బ్రాండు కొనడం కంటే, ఒకసారి మార్చి దాని మీదే ఉండటం మేలు.

ఒకే కంపోజిషన్‌తో ఏయే బ్రాండ్లున్నాయో, ధరలెంతో చూడటానికి కేంద్ర ధరల సంస్థ ఎన్‌పీపీఏ వారి ఫార్మా సహీ దామ్ యాప్ ఉంది. జన్ ఔషధి కేంద్రాల్లో ఉన్న మందులకు జన్ ఔషధి సుగమ్ యాప్, 1800 180 8080 నంబరు ఉన్నాయి. బీపీ, షుగర్, గుండె మందులకు జన్ ఔషధి చాలా ఆదా. అరుదైన జబ్బుల మందులకు మాత్రం అక్కడ పెద్దగా ఆశ పెట్టుకోకండి.

కావాల్సిన పవర్ లేదు, వేరే పవర్ ఉంది. లెక్క సరిపెట్టుకుని వేసుకోవచ్చా?

100 దొరక్కపోతే 50వి రెండు, మామూలు బిళ్ళలైతే లెక్క సరిపోతుంది. అయినా డాక్టరుతో చీటీ మీద రాయించుకోండి, లేకపోతే ఇంట్లో ఇంకొకరు పాత అలవాటు ప్రకారం ఒకటే ఇస్తారు. పెద్ద పవర్ బిళ్ళను సగం చేయాలంటే మధ్యలో గీత ఉండాలి. మెల్లగా విడుదలయ్యే బిళ్ళను, పేగులో కరిగేలా పూత వేసిన బిళ్ళను విరవకూడదు, నూరకూడదు. రోజంతా కొంచెం కొంచెంగా రావాల్సిన మందు ఒక్కసారిగా ఒంట్లోకి వెళుతుంది. క్యాన్సర్ బిళ్ళలను ఇంట్లో నూరడం ఆ పొడి పీల్చే ఇంటివాళ్ళకూ ప్రమాదం.

మార్ఫిన్, మిథైల్‌ఫెనిడేట్ లాంటివి ఏ షాపులో అడిగినా అదోలా చూస్తున్నారు. ఎందుకు? ఎక్కడ దొరుకుతాయి?

మీ తప్పేం లేదు, తలదించుకోనక్కర్లేదు. అక్కడ అడ్డొచ్చేది లైసెన్సు.

పిల్లల్లో ఏడీహెచ్‌డీకి (కుదురు, ఏకాగ్రత లేకపోవడానికి) రాసే మిథైల్‌ఫెనిడేట్ షెడ్యూల్ ఎక్స్ మందు. దాన్ని అమ్మడానికి షాపుకు ఫారం 20ఎఫ్ అనే ప్రత్యేక లైసెన్సు ఉండాలి, మామూలు లైసెన్సు చాలదు. చీటీ రెండు ప్రతులుగా ఉండాలి. ఒకటి షాపువాళ్ళు తీసుకుని రెండేళ్ళు దాచాలి. టెలిమెడిసిన్‌లో ఈ మందు రాయకూడదని 2020 మార్గదర్శకాల్లోనే ఉంది, కాబట్టి వీడియో కాల్ చీటీ చెల్లదు. ఇంటికి డెలివరీ కూడా ఆశించకండి. ఊరంతా తిరగడం మానేసి, రాసిన మానసిక వైద్యుడినే "మీ పేషెంట్లు ఏ షాపులో తీసుకుంటున్నారు?" అని అడగండి. వాళ్ళకు ఖచ్చితంగా తెలిసి ఉంటుంది. ముందే రెండు ప్రతుల్లో రాయించుకుని బయల్దేరండి.

అల్ప్రాజొలాం, ట్రమడాల్ లాంటివి షెడ్యూల్ హెచ్1. ఇవి మామూలు షాపుల్లోనే ఉంటాయి. షాపువాళ్ళు రిజిస్టరులో మీ పేరు, డాక్టరు పేరు, ఎన్నిచ్చారో రాసుకోవాలి, ఆ రిజిస్టరు మూడేళ్ళు ఉంచాలి. పేరు అడిగితే విసుక్కోకండి.

క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ బిళ్ళల సంగతి వేరు. వీటికి ఎన్‌డీపీఎస్ అనే మత్తుమందుల నియంత్రణ చట్టం వర్తిస్తుంది. 2014లో ఆ చట్టాన్ని సవరించి మార్ఫిన్, ఫెంటానిల్, మెథడోన్, ఆక్సీకోడోన్, కోడీన్, హైడ్రోకోడోన్‌లను అత్యవసర నార్కోటిక్ మందులుగా గుర్తించారు. ఆ తర్వాత గుర్తింపు పొందిన వైద్య సంస్థలు వీటిని ఉంచుకుని పేషెంట్లకు ఇవ్వడం తేలికైంది. అందుకే మార్ఫిన్‌ను వీధి షాపులో వెతకకండి, పాలియేటివ్ కేర్ (నొప్పి, బాధ తగ్గించే చికిత్స) విభాగం ఉన్న ఆసుపత్రిలో అడగండి. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది. తెలంగాణలో జిల్లాల్లోనూ ప్రభుత్వ పాలియేటివ్ కేంద్రాలున్నాయి. పేషెంటు మంచం దిగలేని స్థితిలో ఉంటే బయాప్సీ రిపోర్టు, డిశ్చార్జి సమ్మరీ, పేషెంటు ఆధార్, మీ ఆధార్ పట్టుకుని ఇంటివాళ్ళు ముందు వెళ్ళి పద్ధతి తెలుసుకోండి. నొప్పిని ఓర్చుకోవాల్సిన అవసరం ఏ పేషెంటుకూ లేదు.

షాపుల్లో వెతకనే కూడని మందులు ఏవైనా ఉన్నాయా?

ఉన్నాయి. పాము కాటుకు విరుగుడు సూది కోసం షాపులు తిరిగితే ప్రాణం పోతుంది. 108కి ఫోన్ చేసి యాంటీ స్నేక్ వీనమ్ ఉన్న ప్రభుత్వాసుపత్రికి వెళ్ళడమే.

కుక్క లోతుగా కరిచి రక్తం వచ్చినప్పుడు వ్యాక్సిన్‌తోపాటు గాయం చుట్టూ రేబిస్ ఇమ్యునోగ్లోబులిన్ వేయాలి. ఇది తరచుగా షార్ట్ అవుతుంది. అది దొరికేదాకా వ్యాక్సిన్ ఆపకండి. గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, మొదటి డోసు అదే రోజు వేయించండి. మొదటి డోసు నుంచి ఏడు రోజుల లోపు ఇమ్యునోగ్లోబులిన్ వేయించుకోవచ్చు, కాబట్టి వెతకడానికి కొంత వ్యవధి ఉంటుంది, వృథా చేయకూడదు. ప్రభుత్వ బోధనాసుపత్రులు, హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్), నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి ముందు అడగాల్సిన చోట్లు. ఇమ్యునోగ్లోబులిన్ లేదంటే దాని స్థానంలో వాడే మోనోక్లోనల్ యాంటీబాడీ ఉందేమో కూడా అడగండి.

టీబీ మందులు ప్రభుత్వ కేంద్రంలో ఉచితం. ప్రైవేటు డాక్టరు దగ్గర చూపించుకునేవాళ్ళకూ టీబీ పేషెంట్ల ప్రభుత్వ పోర్టల్ నిక్షయ్‌లో నమోదైతే ఇస్తారు. హెచ్ఐవీ మందులు ఏఆర్‌టీ కేంద్రంలో. వేరే ఊళ్ళో చిక్కుకుంటే మీ కార్డు చూపించి అక్కడి ఏఆర్‌టీ కేంద్రంలో అడగండి. 1097కు ఫోన్ చేస్తే దగ్గరి కేంద్రం చెబుతారు. హీమోఫీలియా (రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు) ఉన్నవాళ్ళకు ఎక్కించే ఫ్యాక్టర్లకు ముందు జిల్లా ఆసుపత్రిని, బోధనాసుపత్రిని అడగండి.

కంపెనీయే తయారు చేయడం మానేస్తే?

ఎందుకు మానేస్తారో బెంజాథిన్ పెన్సిలిన్‌ను చూస్తే అర్థమవుతుంది. కీళ్ళవాతంతో గుండె కవాటాలు దెబ్బతిన్న పిల్లలకు మూడు లేదా నాలుగు వారాలకొకసారి వేసే 12 లక్షల యూనిట్ల సూది. ధర చాలా తక్కువ, ముడిసరుకు తయారుచేసేవాళ్ళు ప్రపంచంలోనే కొద్దిమంది, రియాక్షన్ భయంతో సూది వేయడానికి చాలా క్లినిక్‌లు వెనకాడతాయి. లాభం లేదు, గిరాకీ లేదు, అందుకే షాపులో పెట్టరు. కానీ ఆ సూది తప్పితే పిల్లకు జ్వరం తిరగబెట్టి కవాటం ఇంకా పాడవుతుంది.

ఇక్కడే ఒక ప్రమాదం పొంచి ఉంది. బెంజాథిన్ లేదని షాపులో బెంజైల్ పెన్సిలిన్ ఇస్తారు. పేర్లు దగ్గరగా ఉన్నాయి, సీసాలూ ఇంచుమించు ఒకలాగే ఉంటాయి. బెంజైల్ పెన్సిలిన్ కొన్ని గంటల్లో ఒంట్లోంచి పోతుంది, బెంజాథిన్ వారాల తరబడి ఉంటుంది. ఒకదాని బదులు మరొకటి వేస్తే ఆ నెలంతా రక్షణ లేనట్టే. బెంజాథిన్‌ను కండకే వేయాలి, నరంలోకి ఎక్కిస్తే ప్రాణాపాయం. సీసా మీద పేరు అక్షరం అక్షరం చదవండి. ఎక్కడా దొరక్కపోతే డాక్టరు రోజూ రెండు పూటలా వేసుకునే పెన్సిలిన్ వీ బిళ్ళలకు మార్చవచ్చు. సూది దొరికేదాకా ఊరికే ఉండకండి.

ధరల నియంత్రణ జాబితాలో ఉన్న మందును కంపెనీ ఆపేయాలనుకుంటే కనీసం ఆరు నెలల ముందు ప్రభుత్వానికి తెలిపి, బహిరంగ ప్రకటన ఇవ్వాలని 2013 మందుల ధరల నియంత్రణ ఉత్తర్వు (డీపీసీఓ)లో ఉంది. అవసరమైతే ఏడాదిదాకా తయారీ కొనసాగించమని ప్రభుత్వం ఆదేశించవచ్చు. మందు ఎక్కడా దొరకట్లేదంటే ఎన్‌పీపీఏకు ఫార్మా జన్ సమాధాన్ ఫిర్యాదుల పోర్టల్‌లో గానీ, 1800 111 255 నంబరుకు గానీ ఫిర్యాదు చేయండి. బ్రాండు పేరు, కంపోజిషన్, కంపెనీ, అడిగిన షాపుల పేర్లు, తేదీలు రాయండి. "మందు దొరకట్లేదు" అని ఒక్క ముక్క రాస్తే అది ఎటూ కదలదు.

మన దేశంలో అమ్మని మందు. అమెరికా నుంచి అన్నయ్య వస్తూ తేవచ్చా?

ప్రయాణికుడు తన సొంత వాడకానికి కొద్ది మోతాదులో తెచ్చుకోవడానికి నియమాలు ఒప్పుకుంటాయి. మీ కోసం తేవడం ఆ లెక్కలోకి రాదు. పేషెంటు పేరు మీద ఫారం 12ఏ దరఖాస్తు, దానికి డాక్టరు చీటీ జతచేసి కేంద్ర మందుల నియంత్రణ సంస్థ సీడీఎస్‌సీఓ వారి సుగమ్ పోర్టల్‌లో పెడితే ఫారం 12బీ అనుమతి ఇస్తారు. మామూలుగా ఒక మందుకు 100 సగటు డోసులకు మించి కుదరదు. అంతకంటే కావాలంటే కారణం చూపించి అడగాలి. అనుమతి చేతికి రాకముందే కొరియర్ వేయించకండి. కస్టమ్స్‌లో పార్సిల్ ఆగితే ఫ్రిజ్ మందు అక్కడే పాడైపోతుంది.

అరుదైన జబ్బుల జాతీయ విధానం 2021 జాబితాలో ఉన్న జబ్బుకైతే, సొంత వాడకానికి తెప్పించుకునే మందు మీద ప్రాథమిక కస్టమ్స్ సుంకాన్ని 2023లో పూర్తిగా ఎత్తేశారు. దానికి జిల్లా వైద్యాధికారి లేదా రాష్ట్ర ఆరోగ్య సేవల డైరెక్టరు ధ్రువపత్రం కావాలి. ఆ విధానం కింద గుర్తించిన కేంద్రాల్లో చికిత్సకు 50 లక్షల రూపాయల దాకా సాయం ఉంటుంది. మన వైపు ఆ కేంద్రం హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రి, డీఎన్ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీలది. ఈ జబ్బులున్న పిల్లల తల్లిదండ్రులు ముందు అక్కడ నమోదు చేయించుకోవాలి.

ఎవరో వాట్సాప్‌లో "నా దగ్గర ఉంది, రేటు ఎక్కువ" అంటున్నారు. కొనాలా?

వద్దు. 2021లో కోవిడ్‌కు వాడిన రెమ్‌డెసివిర్‌కు, బ్లాక్ ఫంగస్‌కు వాడిన ఆంఫోటెరిసిన్ బికి ఏం జరిగిందో అందరం చూశాం. నకిలీ సీసాలు, ఎమ్మార్పీకి ఎన్నో రెట్లు ధరలు. ఎమ్మార్పీ మీద ఒక్క రూపాయి ఎక్కువ తీసుకోవడమూ నేరమే. బిల్లు ఇవ్వనంటే, ముందు డబ్బు వేయమంటే, బ్యాచ్ నంబరు కనబడేలా ఫొటో పెట్టనంటే అక్కడితో ఆపేయండి. తెలంగాణలో డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్ నంబరు 1800 599 6969. ఆంధ్రలో జిల్లా డ్రగ్స్ ఇన్‌స్పెక్టరు కార్యాలయానికి చెప్పండి.

స్ట్రిప్ మీద ఎక్స్‌పైరీ నెల, సంవత్సరం మాత్రమే ఉంటే ఆ నెల ఆఖరి రోజుదాకా వాడుకోవచ్చు. అరుదైన మందు విషయంలో ఇది చిన్న సంగతి కాదు, "ఈ నెలే ఉంది" అని వదిలేసినది ముప్పై రోజుల మందు కావచ్చు. 2023 ఆగస్టు నుంచి ఎక్కువ అమ్ముడుపోయే 300 బ్రాండ్ల మీద క్యూఆర్ కోడ్ ఉండాలి. ఉంటే స్కాన్ చేసి బ్యాచ్ సరిచూసుకోండి.

ఫ్రిజ్ మందు వేరే ఊరి నుంచి తెచ్చుకోవాలి. ఎలా?

2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వేడి తగలడం ఎంత చెడ్డదో గడ్డకట్టడం అంతకంటే చెడ్డది. ఇన్సులిన్ ఒకసారి గడ్డకడితే కరిగాక మామూలుగానే కనబడుతుంది, కానీ పారేయాల్సిందే. ధర్మాకోల్ పెట్టె, రెండు జెల్ ప్యాకులు తీసుకెళ్ళండి. జెల్ ప్యాకును డీప్ ఫ్రిజ్ నుంచి తీసిన వెంటనే పెట్టకండి. పైన చెమట పట్టేదాకా బయట ఉంచి, న్యూస్‌పేపర్ చుట్టి, మందుకూ ప్యాకుకూ మధ్య గుడ్డ మడత పెట్టండి. బండి డిక్కీలో, బస్సు లగేజీ అరలో వద్దు, ఒళ్ళో పెట్టుకోండి. ఇంట్లో ఫ్రిజ్ తలుపు అరలోనూ, ఐస్ గదికి ఆనించీ పెట్టకూడదు. మధ్య అర సరైన చోటు. షాపులో కొనేటప్పుడు ఫ్రిజ్‌లోంచి తీసి ఇస్తున్నారా, అల్మరాలోంచి ఇస్తున్నారా అన్నది మీ కళ్ళతో చూడండి.

రేపటికి మందు లేదు. ఇంకా దొరకలేదు. ఇప్పుడేం చేయాలి?

అది ఏ మందు అన్నదాన్ని బట్టి ఉంటుంది. థైరాయిడ్ బిళ్ళ ఒంట్లో వారం దాకా నిలుస్తుంది, ఒకటి రెండు రోజులు తప్పితే ప్రమాదం లేదు. కానీ ఫిట్స్ మందు, చాలాకాలంగా వాడుతున్న స్టెరాయిడ్, అవయవ మార్పిడి మందులు, రక్తం పలుచబడే మందు, గుండెకు వాడే బీటా బ్లాకర్, బీపీకి వాడే క్లోనిడిన్, మయస్థీనియాకు (కండరాలు నీరసించే జబ్బుకు) వాడే పిరిడోస్టిగ్మిన్, ఇవి ఒక్కసారిగా ఆగకూడదు. ఒక్క రోజు కూడా చూడకుండా డాక్టరుకు ఫోన్ చేయండి. దొరక్కపోతే ఆ విభాగం ఉన్న ఆసుపత్రి ఎమర్జెన్సీకి స్ట్రిప్, చీటీ పట్టుకుని వెళ్ళండి. "మందు అయిపోయింది, ఎక్కడా దొరకలేదు" అన్నది ఎమర్జెన్సీకి వెళ్ళడానికి సరిపడే కారణమే.

డాక్టరు చేతిలో దారులుంటాయి. హైడ్రోకార్టిజోన్ బిళ్ళ దొరక్కపోతే 20 మిల్లీగ్రాములకు ప్రెడ్నిసోలోన్ 5 మిల్లీగ్రాముల లెక్కన మార్చగలరు, అది ఏ పల్లె షాపులోనైనా ఉంటుంది. ఫ్లూడ్రోకార్టిజోన్ పని మాత్రం ప్రెడ్నిసోలోన్ చేయదు. ఇలాంటి తేడాలు ఇంట్లో కూర్చుని తేల్చుకోలేం. అడ్రినల్ జబ్బు ఉన్నవాళ్ళకు వాంతులు, కళ్ళు తిరగడం, మగతగా ఉండటం మొదలైతే ఫోన్లతో కాలయాపన చేయకుండా 108 పిలవండి, స్టెరాయిడ్ వాడే మనిషి అని అంబులెన్సు ఎక్కేటప్పుడే చెప్పండి.

దొరికినప్పుడు ఎక్కువ కొని పెట్టుకోవాలా?

చీటీలో ఉన్నంత, మీ వాడకానికి ఒక నెల అదనంగా. ఆరు నెలలది ఒకేసారి కొంటే డాక్టరు మోతాదు మార్చినప్పుడు వృథా అవుతుంది, అదే మందు కోసం వెతికే ఇంకో పిల్లాడికి అందకుండా పోతుంది. కొత్త స్ట్రిప్‌ను డబ్బాలో వెనక పెట్టి పాతదాన్ని ముందు వాడండి. స్ట్రిప్‌లోంచి బిళ్ళలు కత్తిరించి తీసేటప్పుడు బ్యాచ్, ఎక్స్‌పైరీ ఉన్న కొసను ఆఖరుదాకా కత్తిరించకండి. వచ్చే నెల ఫోన్లో షాపాయనకు చదివి వినిపించాల్సింది ఆ ముక్కనే.